కొండ రేసులో దారంతా టేపు కట్టాలా, మ్యాపు ఇచ్చి వదిలేయాలా?

కొండబాట:
నేను పేరిచ్చిన కొండ రేసు నిర్వాహకులు నిన్న సూచనలు పంపారు. చెట్లు ఆగిపోయే ఎత్తు దాటాక దారికి టేపులు కట్టరట. జీపీఎక్స్ ఫైలు (ఫోన్‌లోనో వాచీలోనో దారిని గీతగా చూపించేది), కాగితం మ్యాపు ఇస్తారు, దారి ఎవరిది వాళ్లే చూసుకోవాలి. వాటర్‌ప్రూఫ్ జాకెట్, హెడ్‌ల్యాంప్, విజిల్, ఎమర్జెన్సీ దుప్పటి తప్పనిసరి. చెక్‌పాయింట్ల దగ్గర బ్యాగు విప్పి చూస్తారు, ఒక్కటి లేకపోయినా రేసు నుంచి తీసేస్తారు. మా గ్రూపులో సగం మంది మండిపడుతున్నారు. మీరేమంటారు?

రాత్రిపరుగు:
మండిపడరా మరి? ఫీజు కట్టించుకుని దారి మమ్మల్నే వెతుక్కోమంటే ఎలా? రాత్రంతా పరిగెత్తినవాడికి ఎనర్జీ జెల్ ప్యాకెట్ చింపడమే కష్టం, ఇక మ్యాపులో ఎత్తుపల్లాలు చూపే కాంటూర్ గీతలు ఏం చదువుతాడు? హెడ్‌ల్యాంప్ వెలుగులో ఒక్క రిఫ్లెక్టర్ మెరిస్తే ప్రాణం లేచొస్తుంది. ఆల్ప్స్ కొండల్లో జరిగే యూటీఎంబీ అంత పెద్ద రేసులోనే దారి పొడవునా గుర్తులు పెడతారు. వీళ్లు ఖర్చు మిగుల్చుకోవడానికి దీనికి సాహసం అని పేరు పెట్టారు, అంతే.

దిక్సూచి:
యూటీఎంబీ దారిలో మామూలు రోజుల్లోనే బోలెడంత మంది నడుస్తుంటారు. జనసంచారం లేని కొండకు ఆ లెక్క కుదరదండి. గాలికి టేపు తెగిపోతుంది, పశువులు నమిలేస్తాయి, ఆకతాయిలు పీకి పక్కదారిలో కడతారు. అసలు టేపే లేదని తెలిసినవాడు మొదటి నుంచీ ఒళ్లు దగ్గర పెట్టుకుని వెళ్తాడు. టేపును నమ్ముకున్నవాడు అది మాయమైనా ‘ఇంకాస్త ముందుకెళ్తే కనిపిస్తుందిలే’ అనుకుంటూ కిలోమీటరు పోతాడు. బ్రిటన్‌లో ఫెల్ రేసులని కొండల మీద పరుగు పందేలుంటాయి, చాలావాటికి గుర్తులే ఉండవు. అమెరికాలో మహా కష్టమైన రేసని పేరున్న బార్క్‌లీ మారథాన్స్‌లో అయితే జీపీఎస్ కూడా ఒప్పుకోరు.

రాత్రిపరుగు:
బార్క్‌లీని తెచ్చాక ఇంక మాట్లాడేదేముంది సార్! ఒక్కరు కూడా పూర్తి చెయ్యని ఏళ్లు దానికి ఎన్నో ఉన్నాయి.

చివరిటీమ్:
నేను రేసుల్లో స్వీప్ టీమ్‌లో ఉంటాను, అంటే అందరికన్నా వెనకబడినవాళ్ల వెంట నడిచేవాణ్ణి. మీరిద్దరూ టేపు దగ్గరే ఆగిపోయారు. 2021 మే 22న చైనాలోని గాన్సు ప్రావిన్స్‌లో 100 కిలోమీటర్ల కొండ రేసు జరిగింది. 172 మంది బయల్దేరితే 21 మంది చనిపోయారు. వాళ్లను చంపింది ప్రధానంగా చలి. పైకి చేరేసరికి ఈదురుగాలి, వాన, వడగళ్లు కమ్ముకుని ఒంట్లో వేడి పడిపోయింది. గాలిని ఆపే జాకెట్ తప్పనిసరి జాబితాలో లేదు, ‘తెచ్చుకుంటే మంచిది’ అన్న జాబితాలో ఉంది. రెండో చెక్‌పాయింట్ నుంచి మూడోదానికి దాదాపు 8 కిలోమీటర్లు, సుమారు 1,000 మీటర్ల ఎక్కుడు. అక్కడికి బండి పోయే దారే లేదు. దగ్గర్లో గుహలో తలదాచుకున్న ఒక గొర్రెల కాపరి ఆరుగురిని లోపలికి చేర్చి మంట వేసి బతికించాడు. గాలి గురించి వాతావరణ శాఖ ముందే హెచ్చరించింది, అయినా రేసు మొదలుపెట్టారు.

కాబట్టి నిర్వాహకులను నేనైతే ముందు ఇది అడుగుతాను: రేసు ఆపే అధికారం ఎవరిది, ఏ గాలికి, ఏ వానకు ఆపుతారు, ఆపితే పైన ఉన్నవాళ్లు ఏ దారిన దిగాలి? కొండబాట గారు పెట్టిన సూచనల్లో ఈ మూడింటి ఊసే లేదు.

తేలికసంచి:
వాతావరణం బాగున్న రోజున కూడా జాకెట్ మోయాలా? ముందు వరుసలో పోయేవాడికి ప్రతి గ్రామూ లెక్కే. మబ్బు పట్టిన రోజున తప్పనిసరి చెయ్యండి, మిగతా రోజుల్లో మా ఇష్టానికి వదిలెయ్యండి.

చివరిటీమ్:
బ్రదర్, కింద ఎండ కాస్తోందంటే పైనా అంతే అనుకోవద్దు. సగటున 1,000 మీటర్లు ఎక్కితే ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది, గాలి తగిలితే ఇంకా చల్లగా ఉంటుంది. పరిగెడుతున్నంతసేపూ మీ ఒళ్లే హీటరు. చీలమండ మడతపడి చెమట బనియన్‌తో రాయి మీద కూర్చున్నారనుకోండి, కాసేపట్లో వణుకు మొదలవుతుంది. ఆ తర్వాత మాట తడబడుతుంది, వేళ్లు జిప్పు లాగలేవు. వణుకు ఆగిపోతే తగ్గిందని సంబరపడకండి, అప్పుడే అసలు ప్రమాదం. మా టీమ్ ఎంత వేగంగా వచ్చినా గంటలు పట్టే చోట్లుంటాయి. ఆ గంటలు మీరు కదలకుండా బతకాలి. మీ గ్రాముల లెక్కలోకి అది కూడా రావాలి.

దిక్సూచి:
మనుషుల లెక్క కూడా ముఖ్యమే. 2008 అక్టోబర్‌లో ఇంగ్లండ్‌లోని లేక్ డిస్ట్రిక్ట్‌లో జరిగిన ఒరిజినల్ మౌంటెన్ మారథాన్‌ను వరదల వల్ల మధ్యలో ఆపేశారు. పదిహేను వందలకు పైగా మంది ఆచూకీ లేదని వార్తలొచ్చాయి. చివరికి అందరూ క్షేమమే, చాలామంది కొండ మీదో, పొలాల షెడ్లలోనో తలదాచుకున్నారు. ఎవరు ఎక్కడున్నారో ఆ రాత్రి తెలియలేదు, అదీ సమస్య. రేసు మానేస్తే చెక్‌పాయింట్‌లో చెప్పి, బిబ్ నంబర్ (ఛాతీ మీద తగిలించుకునే రేసు నంబరు) జాబితాలో కొట్టేయించుకునే కదలాలి. చెప్పకుండా కారెక్కి వెళ్లి హోటల్లో పడుకునేవాళ్ల కోసం రెస్క్యూ టీమ్ అర్ధరాత్రి కొండంతా గాలిస్తుంది. ఇలాంటివాళ్లను మళ్లీ ఏ రేసులోకీ రానివ్వకూడదు.

కొండబాట:
జీపీఎక్స్ మాటేమిటి? ఫోన్‌లో పెట్టుకుంటే చాలంటున్నారు కొందరు.

దిక్సూచి:
చాలదు. సిగ్నల్ లేని చోట ఫోన్ టవర్ కోసం వెతికి వెతికి బ్యాటరీ తినేస్తుంది, ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. మ్యాపు ముందే ఆఫ్‌లైన్‌లో దించుకోండి. చలికి చార్జింగ్ ఇంకా తొందరగా పడిపోతుంది కాబట్టి ఫోన్‌ను ఒంటికి ఆనేలా లోపలి జేబులో ఉంచండి. ఇంకోటి, ఫైల్‌లో పాయింట్లు తక్కువుంటే గీత మలుపుల్ని కోసుకుపోతుంది, దాన్నే పట్టుకుపోతే లోయ అంచుకు చేరతారు. పొగమంచు కమ్మి దారి తప్పితే వాగు వెంట కిందికి దిగొద్దు, జలపాతాల దగ్గర ఇరుక్కుపోతారు. కచ్చితంగా తెలిసిన చివరి చోటికి వెనక్కి నడవండి.

చివరిటీమ్:
విజిల్ బ్యాగు అడుగున కాదు, భుజం పట్టీకి ఉండాలి. నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్లీ ఆరు. మూడు ఊదులు తిరిగి వినిపిస్తే మీ మాట ఎవరికో చేరినట్టు.

రాత్రిపరుగు:
ఇవన్నీ సరేనండి, జాకెట్ విషయంలో నాకూ పేచీ లేదు. కానీ దారి రెండుగా చీలే ప్రతిచోటా రిఫ్లెక్టర్ ఉండాల్సిందే. దానికి మాత్రం తగ్గను.

దిక్సూచి:
చీలికల దగ్గర వరకైతే సరే. ఉన్నది ఒకటే దారైన చోట కూడా యాభై మీటర్లకొకటి కట్టమంటే ఒప్పుకోను. రేసు అయ్యాక ఆ ప్లాస్టిక్ ఎవరు ఏరతారు?

చివరిటీమ్:
ఇంకెవరు, మేమే.