పుట్టింట్లో ఉన్న బాలింత దగ్గరకు ఏ ఊరి ఆశా కార్యకర్త రావాలి?

ప్రశ్న: చీమకుర్తి నుంచి ఒక తండ్రి

అందరికీ నమస్కారం. నా భార్య గర్భవతిగా నమోదైనదీ, పరీక్షలు చేయించుకున్నదీ చీమకుర్తిలోనే. మొదటి కాన్పు కాబట్టి ఆనవాయితీ ప్రకారం ఏడో నెలలో పుట్టింటివారు కోవూరు దగ్గరి తమ ఊరికి తీసుకువెళ్లారు. నెల్లూరులోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో సిజేరియన్ జరిగి 2.3 కిలోల బరువుతో పాప పుట్టింది. ఇంటికి పంపేటప్పుడు పాపను వెచ్చగా ఉంచమని చెప్పారే తప్ప, ఆ తర్వాత ఎవరు చూస్తారో చెప్పలేదు. ఇక్కడి ఆశా కార్యకర్తను అడిగితే బాలింత ఉన్నచోటివారే రావాలన్నారు. మా అత్తగారి ఊళ్లో అడిగితే పేరు తమ జాబితాలో లేదన్నారు. పాపకు నేటికి తొమ్మిదో రోజు. ఇంటికి వచ్చి చూసే సేవ నిజంగా ఉందా? ఉంటే మాకు బాధ్యులెవరు, వచ్చి ఏమి చూస్తారు? పైగా పురుడు తీరేవరకు బయటివారు బిడ్డను ముట్టుకోకూడదని మా అత్తగారు పట్టుబడుతున్నారు. దయచేసి తెలిసినవారు సలహా ఇవ్వగలరు.

జవాబు: విశ్రాంత ఏఎన్ఎం, దర్శి

సేవ ఉంది బాబూ. నవజాత శిశువులను ఇంటి దగ్గరే చూసే ఈ కార్యక్రమం 2011 నుంచి దేశమంతటా నడుస్తోంది. ఆసుపత్రి కాన్పు అయితే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆరుసార్లు, ఇంట్లో కాన్పు అయితే వీటికి తోడు మొదటి రోజున కూడా, సిజేరియన్ అయి ఆలస్యంగా ఇల్లు చేరినవారికి 7వ రోజు నుంచి ఐదుసార్లు ఆశా కార్యకర్త రావాలి. కాన్పు ప్రైవేటులో జరిగినా ఇదే పద్ధతి. బిడ్డ ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరి కార్యకర్తే చూడాలి. మధ్యలో అత్తవారింటికి వెళ్తే మిగిలిన రోజులు అక్కడివారు చూస్తారు, ఈ పనికి ఇచ్చే 250 రూపాయల ప్రోత్సాహకాన్ని ఇద్దరికీ పంచవచ్చునని కేంద్ర మార్గదర్శకాల్లోనే ఉంది. జాబితాలో పేరు లేకపోతే చేర్చుకోవాలి గాని రాకుండా ఉండకూడదు. మీ మామగారిని తల్లీబిడ్డల కార్డు, డిశ్చార్జి కాగితం తీసుకుని ఆ ఊరి ఏఎన్ఎం దగ్గరకు స్వయంగా వెళ్లమనండి. ఫోనులో చెప్పిన మాట నిలవదు. అక్కడా పని కాకపోతే ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుగారిని కలవాలి.

2.5 కిలోలకు లోపు కాబట్టి మీ పాపది తక్కువ బరువే, ఆలస్యం చేయకండి. వచ్చినవారు ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. మరచిపోతే మొహమాటం లేకుండా మీరే చెప్పండి. తర్వాత బిడ్డను గుడ్డ ఊయలలో ఉంచి స్ప్రింగు త్రాసుకు తగిలించి బరువు తూస్తారు, చంకలో థర్మామీటరు పెడతారు, ఏడవకుండా ఉన్నప్పుడు పొట్ట ఎగసి దిగడాన్ని నిమిషం నిండా లెక్కిస్తారు. ఆ లెక్క 60 గాని అంతకు మించి గాని వస్తే మళ్లీ లెక్కపెట్టాలి, రెండోసారీ అంతే ఉంటే ఆసుపత్రికి పంపాలి. పాలు తాగడం తగ్గినా, ఒళ్లు చల్లబడినా, డొక్కలు ఎగరేస్తున్నా, బొడ్డు దగ్గర చీము పట్టినా, అరికాళ్ల దాకా పచ్చబడినా ఎవరి రాక కోసమూ ఆగవద్దు. ప్రభుత్వ ఆసుపత్రిలో ఏడాది లోపు బిడ్డకు వైద్యమూ, రాకపోకల వాహనమూ ఉచితమే.

జవాబు: ఒక తల్లి, కావలి

మా ఇంట్లోనూ ఇదే పేచీ వచ్చిందండీ. మా అమ్మ ఆశా కార్యకర్తను గడప దగ్గరే నిలబెట్టేసింది. ఆవిడ నొచ్చుకోకుండా పెరట్లో కాళ్లూ చేతులూ కడుక్కుని వచ్చి, బాబును మా అమ్మ చేతనే ఊయలలో పెట్టించి, త్రాసు ముల్లు ఎక్కడ ఆగిందో మా అమ్మనే చూడమన్నారు. క్రితం వారం కంటే ముల్లు రవ్వంత పైకి వెళ్లేసరికి మా అమ్మ మెత్తబడింది, మరుసటి రాకకు కాఫీ కూడా కలిపింది. బొడ్డుకు పసుపు, ఆముదం రాయడం మాన్పించి పొడిగా వదిలేయమన్నదీ, బరువు పెరిగేదాకా సున్నిపిండి స్నానాలు వద్దన్నదీ ఆవిడే. అదే మాట నేను చెబితే మా అమ్మ వినేదా? మీ అత్తగారితో మీరు వాదించకండి, ఆ పని వచ్చినవారికే వదిలేయండి.

జవాబు: ఆశా కార్యకర్త తమ్ముడు, కందుకూరు

ఏఎన్ఎంగారు చెప్పిన నియమం సరైనదే గాని, మా అక్క పని చూస్తున్నవాడిగా ఒక మాట చెబుతాను. మన రాష్ట్రంలో 2019 నుంచి ఆశా కార్యకర్తలకు నెలకు 10,000 రూపాయల గౌరవ వేతనం ఇస్తున్నారు కాబట్టి ఆ 250 పంపకం దగ్గర పెద్దగా పేచీ రాదు. సమాచారం అందకపోవడమే అసలు చిక్కు. సుమారు వెయ్యి మంది జనాభాకు ఒకరే ఉంటారు. ప్రైవేటు ఆసుపత్రి నుంచి పుట్టింటికి చేరిన బాలింత సంగతి ఎవరైనా చెబితే తప్ప ఆమెకు తెలిసే దారి లేదు. అందుకే డిశ్చార్జి రోజునే ఇంటివారు కబురు చేయడం మేలు. ఇంకొకటి, 42వ రోజుకు ఆరు వారాల టీకాల సమయం కూడా అవుతుంది, రెండూ కలిపి చూసుకోండి. ఆ తర్వాత 3, 6, 9, 12, 15 నెలల్లో కూడా ఇంటికి వచ్చి చూడాలి. సాధారణంగా మూడో నెలలోనో, ఐదో నెలలోనో తల్లీబిడ్డలు అత్తవారింటికి వెళ్తారు కాబట్టి, పాప చీమకుర్తికి వచ్చిన వారంలోనే అక్కడి కార్యకర్తకు కార్డు చూపించి పేరు రాయించండి.