కళింగపట్నం ఇసుకలో నెమటోడ్లే దొరుకుతున్నాయి, మిగతావి ఏమైనట్టు?

వంశధార_ఒడ్డు: ఎమ్మెస్సీ జువాలజీ ప్రాజెక్టు అండి, ఇసుక రేణువుల సందుల్లో బతికే బుల్లి జీవుల మీద. కళింగపట్నం బీచ్‌లో అల తడిపే చోట 10 సెం.మీ. లోతు ఇసుక తీసి, అక్కడికక్కడే ఫార్మలిన్ (జీవుల్ని చంపి పాడవకుండా ఉంచే ద్రావణం) పోసి, ల్యాబ్‌లో కుళాయి నీళ్లతో జల్లించాం. నెమటోడ్లు (దారం లాంటి గుండ్రటి పురుగులు) కుప్పలు, కోపిపోడ్లు (రొయ్యల బంధువులైన బుల్లి జీవులు) కొన్ని. గ్యాస్ట్రోట్రిక్‌లు (పొట్ట కింద సన్నటి రోమాలుండే బుల్లి పురుగులు), టార్డిగ్రేడ్‌లు (ఎనిమిది కాళ్ల ‘నీటి ఎలుగులు’), చదునుపురుగులు ఒక్కటీ లేవు. మన తీరంలోనే లేవా?

మైక్రాన్63: తీరాన్ని అనకండి. వాల్తేరు ఇసుకలోని ఇలాంటి జీవుల మీద గణపతి, రావు గార్లు 1962లోనే పేపరు వేశారు. తేడా మీ పద్ధతిలోనే. నెమటోడ్‌కీ కోపిపోడ్‌కీ గట్టి పైతొడుగు ఉంది, ఫార్మలిన్‌కి ఆగుతాయి. చదునుపురుగు, గ్యాస్ట్రోట్రిక్ ముడుచుకుని ముద్దవుతాయి. చెత్త అనుకుని వదిలేసి ఉంటారు. వాటిని బతికుండగానే చూడాలి.

రెండోది పట్టు. గ్యాస్ట్రోట్రిక్ ఒంటికి జిగురు గొట్టాలుంటాయి. బాటిలిపెస్ అనే టార్డిగ్రేడ్‌కి కాలివేళ్ల చివర గుండ్రటి బిళ్లలు. రేణువుని కరుచుకున్నాక కడిగితే రావు, మత్తివ్వాలి. మెగ్నీషియం క్లోరైడ్ హెక్సాహైడ్రేట్ 75 గ్రాములు డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించి లీటరు చేయండి. సముద్రపు నీళ్లలో కలపొద్దు, ఉప్పు రెట్టింపవుతుంది. 100 మి.లీ. ఇసుకకి 200 మి.లీ. పోసి 10 నిమిషాలు ఆగండి. బీకరు మెల్లగా తిప్పి, ఇసుక కూర్చోగానే (5–10 సెకన్లు) పైనీళ్లు 63 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు) రంధ్రాలున్న జల్లెడలోకి వంచండి. ఇలా నాలుగుసార్లు. ఆఖర్న వడకట్టిన సముద్రపు నీళ్లతో పెట్రీ డిష్‌లోకి దించితే కాసేపటికి మళ్లీ కదులుతాయి.

నల్లఇసుక: పైన చెప్పిన 75 గ్రాములు ఉప్పదనం 35 (కిలో నీటిలో 35 గ్రాముల ఉప్పు) ఉన్న నీటికి. వంశధార వరద దిగే రోజుల్లో మొగ దగ్గర (నది సముద్రంలో కలిసే చోట) అంత ఉండదు. ఇసుకలో గుంట తీసి, ఊరిన నీటిని రిఫ్రాక్టోమీటరుతో (ఉప్పదనం కొలిచే పరికరం) చూడండి. 25 ఉంటే సుమారు 54 గ్రాములు చాలు.

ఇసుక నల్లగా ఉందా? బరువుగా, మెరుస్తూ, వాసన లేకపోతే ఇల్మనైట్ లాంటి ఖనిజం. రేణువులు సన్నగా ఉంటే సందులు ఇరుకై, మీకు కావలసినవి తగ్గుతాయి. కుళ్లిన గుడ్డు వాసన వస్తే మాత్రం అది ఆక్సిజన్ అందని పొర, అక్కడ ఎక్కువగా నెమటోడ్లే.

వంశధార_ఒడ్డు: వాసన లేదండి, మెరుస్తోంది. 63 జల్లెడ మా దగ్గర లేదు, 100 ఉంది. సరిపోతుందా?

మైక్రాన్63: సన్నవి జారిపోతాయి. 63 మైక్రాన్ల నైలాన్ గుడ్డ ముక్క కొని, పీవీసీ పైపు చివర పరిచి, పైనుంచి కప్లింగ్ బిగించండి. గమ్ పూయొద్దు, రంధ్రాలు పూడుతాయి.