సూది వేసే ముందు పేరు అడగమని సిస్టర్లకు ఎలా చెప్పాలి?

మా అమ్మకు చెన్నైలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మోకాలి ఆపరేషన్ అయింది. డాక్టరు మంచివారే, కుట్లు కూడా బాగానే ఉన్నాయి. కానీ అమ్మకు రాత్రిళ్లు కంటి మీద కునుకు లేదు. మాది ఒంగోలు దగ్గర పల్లె, ఆమెకు తమిళం ముక్క రాదు. డ్యూటీ మారగానే కొత్త సిస్టర్ వస్తుంది, చేతికి కట్టిన బ్యాండు వైపు చూడకుండా, మంచం నంబరు చూసి సెలైన్‌లోకి మందు ఎక్కించేస్తుంది. "పక్కావిడ మందు నాకు ఎక్కిస్తేనో?" అని అమ్మ టెన్షన్.

చాదస్తం అని కొట్టిపారేయలేను. మందు ఇచ్చే ముందు పేరు, ఆసుపత్రి ఐడీ రెండూ సరిచూడాలి, మంచం నంబరు లెక్కలోకి రాదు. 2018లో జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో భద్రత కూడా ఒక హక్కే.

హక్కులు సరే, రాత్రి పిలిస్తే పలకాల్సింది ఆ సిస్టర్లే కదా! నర్సింగ్ సూపరింటెండెంటుకు చెబితే అమ్మ మీద విసుక్కుంటారేమో? ముందు వార్డు ఇన్‌ఛార్జితో మాట్లాడాలా? ఇలాంటి పరిస్థితి ఎదురైనవాళ్లు, నర్సులుగా పనిచేసేవాళ్లు చెప్పండి. "పేరు చూసి ఇవ్వమ్మా" అని తమిళంలో మర్యాదగా ఎలా అనాలో తెలుగు లిపిలో రాసిపెడితే అమ్మకు నేర్పిస్తాను.