చేతితో చేసిన బేస్ గిటార్: 12వ ఫ్రెట్ దగ్గర జి తీగ శ్రుతి కలవడం లేదు

పర్లాకిమిడి నుంచి ప్రశ్న:

అందరికీ నమస్కారం. మా చర్చి క్వైర్ కోసం నాలుగు తీగల బేస్ గిటార్ ఒకటి ఇంట్లోనే చేశాను. ఎనిమిది నెలలు పట్టింది. బాడీ పనస చెక్క. మెడ పాత ఇల్లు విప్పినప్పుడు వచ్చిన టేకు దూలంలోంచి కోయించింది. ఫింగర్‌బోర్డు జిట్రేగి. తీగ పొడవు 34 అంగుళాలు, అంటే 863.6 మి.మీ. ఫ్రెట్లు (మెడ మీద అడ్డంగా దిగగొట్టే లోహపు మెట్లు) 20. పికప్, బ్రిడ్జి (బాడీ మీద తీగల కొసలు పట్టుకునేది), ట్రస్ రాడ్ (మెడ వంపు సరిచేసే లోపలి కడ్డీ), శ్రుతి చేసే కీలు కొన్నాను. నట్ (మెడ పై కొసన తీగలు ఆనే ముక్క) మాత్రం మా ఊళ్లో కొమ్ముతో బొమ్మలు చేసేవాళ్ల దగ్గర ఒక ముక్క అడిగి తెచ్చుకుని నేనే అరగదీశాను.

తీగలు కట్టిన రోజు ఇంట్లో అందరం సంతోషపడ్డాం. కానీ వాయిస్తే తేడా తెలుస్తోంది. ఖాళీ తీగలు (ఎక్కడా నొక్కకుండా) నాలుగూ ట్యూనర్‌లో సరిగా పెట్టాక, 12వ ఫ్రెట్ నొక్కితే అన్నిటికన్నా సన్నదైన జి తీగ 5 సెంట్లు తక్కువ చూపిస్తోంది, అన్నిటికన్నా లావైన ఇ తీగ 3 సెంట్లు ఎక్కువ (సెంటు అంటే పక్కపక్క స్వరస్థానాల మధ్య దూరంలో నూరో వంతు). జి తీగ సాడిల్‌ను (బ్రిడ్జి మీద తీగ ఆనే ముక్క) ముందుకు తోయగలిగినంత తోసేశాను, ఇంక జరగదు. దానికి తోడు తీగలు చాలా ఎత్తుగా ఉన్నాయి, 12వ ఫ్రెట్ దగ్గర 4 మి.మీ. పైనే. వేలు నొప్పెడుతోంది. ఫింగర్‌బోర్డు ఊడదీసి మళ్లీ కొత్తది వేయాలా? క్రిస్మస్‌కి వాయించాలని అనుకున్నాను. దయచేసి చెప్పండి.

బరంపురం:

తీగలు పాతవైతే ఇలాగే అవుతుంది, ముందు కొత్త సెట్ వేసి చూడండి. అప్పటికీ రాకపోతే ఫ్రెట్లు తప్పుగా పడ్డట్టే. ఇస్త్రీ పెట్టెతో వేడి చేస్తే ఫింగర్‌బోర్డు ఊడి వస్తుంది.

రాయగడ:

తమ్ముడూ, ఇస్త్రీ పెట్టె జోలికి మాత్రం ఇప్పుడే వెళ్లకు. ఎనిమిది నెలల పని అది. ముందు కొలతలు కావాలి. నేను ఇప్పటికి మూడు బేస్‌లు చేశాను, మొదటిదాన్ని తొందరపడి ఊడదీసి పాడుచేసుకున్నాను. అందుకే అడుగుతున్నాను, ఈ మూడూ చూసి చెప్పు.

ఒకటి, మెడ వంపు. మొదటి ఫ్రెట్ దగ్గర ఇ తీగను ఒక చేత్తో, చివరి ఫ్రెట్ దగ్గర ఇంకో చేత్తో నొక్కి పట్టుకో. ఇప్పుడు ఆ తీగే నీకు మట్టసం బద్ద. 7వ ఫ్రెట్ నెత్తికీ తీగ అడుగుకూ మధ్య ఎంత సందు ఉందో ఇంకొకరిని చూడమను. బైక్ మెకానిక్ దగ్గర ట్యాపెట్లు సరిచేసే ఫీలర్ గేజ్ ఉంటుంది, పావుగంట అడిగి తెచ్చుకో. రెండు, స్టీలు స్కేలుతో నట్ లోపలి అంచు నుంచి 12వ ఫ్రెట్ నడినెత్తి దాకా ఎన్ని మి.మీ. మూడు, ఫ్రెట్లకు గీతలు ఏ లెక్కతో గీశావు?

పర్లాకిమిడి:

అన్నా, మెకానిక్ నవ్వుతూనే ఇచ్చాడు. 7వ ఫ్రెట్ దగ్గర 1.1 మి.మీ. గేజ్ దూరింది. నట్ నుంచి 12వ ఫ్రెట్ 428న్నర కన్నా ఒక వెంట్రుకవాసి ఎక్కువ. లెక్క అంటారా, మొత్తం పొడవును 18తో భాగించి మొదటి ఫ్రెట్, మిగిలిన దాన్ని మళ్లీ 18తో భాగించి రెండోది, అలా గీశాను. గిటార్ నేర్పిన మాస్టారు చెప్పారు.

రాయగడ:

దొరికింది. నీ గిటార్‌కి రెండు జబ్బులున్నాయి, ఒకదాన్ని ఇంకోటి కప్పేస్తోంది.

18తో భాగించడం పాత లెక్క. గెలీలియో తండ్రి విన్సెంజో గెలీలి 1581లోనే ల్యూట్ అనే వాద్యానికి ఈ నిష్పత్తి చెప్పాడు. చేత్తో చేసుకోవడానికి సులువు, చాలా దగ్గరగా కూడా వస్తుంది. కానీ 12 స్వరస్థానాలు దాటేసరికి తీగ సరిగ్గా సగం కావాలి కదా, ఈ లెక్కలో కాదు. అసలు సంఖ్య 17.817. దానితో లెక్కేస్తే నీ తీగకు 12వ ఫ్రెట్ 431.8 దగ్గర, నడిమధ్యన పడాలి. 18తో 428.66 దగ్గర పడింది. అంటే 3 మి.మీ. నట్ వైపు జరిగిపోయింది. నొక్కినప్పుడు మోగే తీగ ఉండాల్సిన దానికన్నా పొడుగైంది, స్వరం కిందికి దిగింది. లెక్క ప్రకారం 12 సెంట్లు దిగాలి.

మరి నీకు 5 సెంట్లే ఎందుకు చూపించింది? మెడ ముందుకు వంగి తీగ ఎత్తుగా ఉంది కాబట్టి. ఎత్తులో ఉన్న తీగను ఫ్రెట్ దాకా నొక్కితే అది సాగుతుంది, సాగితే శ్రుతి పెరుగుతుంది. లావు తీగకు ఈ పెరుగుదల ఎక్కువ, అందుకే ఇ తీగ పైకి పోయింది.

కాబట్టి ముందు మెడ, తర్వాత ఎత్తు, ఆ తర్వాతే శ్రుతి. ఈ వరస తప్పితే చేసిందే మళ్లీ చేయాలి. నాలుగు తీగలూ కలిసి 70, 80 కిలోల బరువుతో లాగుతుంటాయి. వానాకాలంలో చెక్క చెమ్మ పీల్చుకుంటే మెడ ఇంకా ముందుకు వంగుతుంది. తీగలు కొంచెం వదులు చేసి, ట్రస్ రాడ్ నట్టును కుడివైపుకు పావు చుట్టు మాత్రమే తిప్పు. మళ్లీ శ్రుతి చేసి రాత్రంతా వదిలెయ్. పొద్దున్న కొలువు. 0.3, 0.4 మి.మీ. మధ్యకు వచ్చేదాకా రోజుకు పావు చుట్టు. బిగుసుకుపోయినట్టు అనిపిస్తే ఆపెయ్, బలం పెట్టకు. తర్వాత సాడిళ్లు దించి 12వ ఫ్రెట్ దగ్గర ఇ తీగ 2.5 మి.మీ., జి తీగ 2 మి.మీ. ఎత్తుకు తెచ్చుకో.

గుణుపురం:

బాబూ, నేను వడ్రంగిని, గిటార్లు చేయలేదు. చెక్క గురించి ఒక మాట. పనస ఎన్నాళ్లు ఆరింది? మా వైపు బొబ్బిలి వీణలు ఒకే పనస మానులోంచి తొలుస్తారు, ఆ చెక్క మోతకు మంచిదే. కానీ అంగుళం మందం పలకకు నీడలో ఏడాది ఆరడం తక్కువలో తక్కువ. అనుమానముంటే మిగిలిన ముక్కను కూరగాయల కాటాలో వారం వారం తూచు. బరువు తగ్గడం ఆగితే ఆరినట్టు. మెడ పాత దూలం అన్నావు, అది చేవ చెక్కే అయ్యుంటుంది, భయం లేదు. అయితే టేకులో నూనె ఉంటుంది. జిగురు పెట్టేముందు థిన్నర్‌తో తుడిచావా? తుడవకపోతే ఫింగర్‌బోర్డు అంచు ఎక్కడైనా లేస్తోందేమో పల్చటి బ్లేడు పెట్టి చూడు.

పర్లాకిమిడి:

మేస్త్రీగారూ, థిన్నర్‌తో రెండుసార్లు తుడిచి ఎపాక్సీతో అంటించాను. అంచంతా చూశాను, బ్లేడు ఎక్కడా దూరలేదు. పనస ఏడాదిన్నర ఆరింది. ముక్క తూచడం మొదలుపెట్టాను.

అన్నా, నాలుగు రోజుల్లో మూడు పావులు తిప్పాను. సందు 0.35కి వచ్చింది. సాడిళ్లు దించాను, చేతికి ఎంత హాయిగా ఉందో చెప్పలేను. కానీ శ్రుతి ఇంకా చెడింది. ఇప్పుడు జి తీగ 10 సెంట్లు తక్కువ, ఇ తీగ కూడా 2, 3 తక్కువే. ఏదైనా తప్పు చేశానా?

రాయగడ:

తప్పు కాదు తమ్ముడూ, పని సరిగ్గా జరిగింది. మొదటి జబ్బు పోయింది కాబట్టి రెండోది నిజంగా ఎంత ఉందో బయటపడింది.

బ్రిడ్జి బిగించేటప్పుడు సాడిళ్లు ముందుకు తోసేసి అక్కడ 863.6 కొలిచావు కదా? మంచి అలవాటే, వెనక్కి జరిగే చోటు మిగులుతుంది. కానీ నీ ఫ్రెట్లు వేరే పొడవుకు పడ్డాయి. 12వ ఫ్రెట్ 428.66 దగ్గర ఉందంటే దానికి రెట్టింపు 857.3. నీ గిటార్ 34 అంగుళాలది కాదు, దానికన్నా 6 మి.మీ. పొట్టిది అనుకో. బ్రిడ్జిని 6 మి.మీ. ముందుకు, అంటే మెడ వైపు జరిపితే చాలు. ఫింగర్‌బోర్డు ముట్టుకోనక్కర్లేదు.

మిగతా ఫ్రెట్ల సంగతి లెక్కేసి చూశాను. 5వ ఫ్రెట్, 7వ ఫ్రెట్ ఉండాల్సిన చోటుకన్నా మి.మీ.లో మూడో వంతు తేడాతో ఉన్నాయి, సుమారు ఒక్క సెంటు, ఏ చెవికీ అందదు. 12 దాటాక మెల్లగా పెరుగుతుంది. 20వ ఫ్రెట్ దగ్గర ఒక మి.మీ. తేడా, 6 సెంట్లు ఎక్కువ మోగుతుంది. క్వైర్‌లో బేస్ అక్కడిదాకా ఎప్పుడు వెళ్తుంది? వీణకైతే మెట్లు మైనం మీద కూర్చుంటాయి, శ్రుతి చూసుకుంటూ జరుపుకోవచ్చు. మనకు కోసిన గాడి కోసినట్టే, అందుకే బ్రిడ్జితో సర్దుకోవాలి.

పాత మరచుట్ల రంధ్రాలు అలాగే వదిలి పక్కనే కొత్తవి వేయకు, 6 మి.మీ. దూరంలో చెక్క చీలిపోతుంది. పాత రంధ్రాన్ని 6 మి.మీ. బరమతో శుభ్రంగా తొలిచి, అదే పనస ముక్కతో గుండ్రటి కొయ్యమేకు చేసి, జిగురు పూసి కొట్టు. ఒక రోజంతా ఆరనిచ్చి మట్టసంగా కోసి, అప్పుడు 2.5 మి.మీ. బరమతో కొత్త రంధ్రం వెయ్. వేసేముందు ఇ, జి తీగలున్న చోట నట్ నుంచి బ్రిడ్జికి రెండు దారాలు లాగి కట్టు. రెండు దారాలూ ఫింగర్‌బోర్డు అంచులకు సమాన దూరంలో ఉన్నాయా అని 20వ ఫ్రెట్ దగ్గర చూసుకో. బ్రిడ్జి కింద ఎర్త్ తీగ ఉంటుంది, దాని కొస బ్రిడ్జి లోహానికి తగులుతోందో లేదో చూడకుండా బిగించకు. అది తప్పితే ఆంప్‌లో హమ్ వదలదు.

పర్లాకిమిడి:

ఒక అనుమానం అన్నా. నట్ గాడులు హాక్సా బ్లేడుతో కోశాను. శ్రుతి చేస్తుంటే జి తీగ దగ్గర టిక్ మని చప్పుడొచ్చి ఒక్కసారిగా పైకి దూకుతోంది. అదీ ఈ లెక్కలోకే వస్తుందా?

రాయగడ:

వస్తుంది. గాడి ఇరుకై తీగ పట్టుకుంటోంది. నీ జి తీగ 45 నంబరుది (అంటే 0.045 అంగుళాలది) అయితే దాని మందం 1.14 మి.మీ. గాడి దానికన్నా వెంట్రుకంత వెడల్పు ఉండాలి, అడుగు తీగలాగే గుండ్రంగా ఉండాలి. హాక్సా బ్లేడుతో చదునైన అడుగు వస్తుంది. గ్యాస్ వెల్డింగ్ షాపులో టార్చి నాజిల్ శుభ్రం చేసే గుండ్రటి ఆకురాళ్ల కట్ట దొరుకుతుంది, రకరకాల మందాల్లో. దానితో నెమ్మదిగా రుద్దు, కీల వైపు కొంచెం వాలుగా. తీగ ఫింగర్‌బోర్డు వైపు అంచు మీదే ఆనాలి, లేకపోతే కొలతలన్నీ మళ్లీ మారతాయి. చివర్లో పెన్సిల్ ములుకు గాడిలో రుద్దితే తీగ జారుతుంది. కొమ్ము ఎముకకన్నా మెత్తన, వేగంగా రుద్దితే కాలిన వెంట్రుకల వాసన కొడుతుంది, ఆ వాసన వస్తే చెయ్యి నెమ్మదించు.

పర్లాకిమిడి:

తొమ్మిది రోజులకు మళ్లీ రాస్తున్నాను. నిన్న రాత్రి బ్రిడ్జి బిగించాను. ఇ తీగ సాడిల్ నట్ నుంచి 862.5 దగ్గర, జి తీగది 859 దగ్గర ఆగాయి, మిగతా రెండూ వాటి మధ్య మెట్లుమెట్లుగా. 12వ ఫ్రెట్ దగ్గర నాలుగు తీగలూ ముల్లు మధ్యలో నిలబడ్డాయి. 12వ ఫ్రెట్ మీద వేలు ఊరికే ఆనించి మీటినప్పుడు వచ్చే స్వరం, నొక్కి మీటిన స్వరం ఒకటే అయ్యాయి. మా అమ్మ వంటింట్లోంచి వచ్చి, ఇప్పుడు బాగుందిరా అంది, ఆమెకు నేనేమీ చెప్పలేదు. జి తీగ టిక్‌మనడం లేదు. మేస్త్రీగారూ, పనస ముక్క రెండు వారాలుగా 412 గ్రాముల దగ్గరే ఉంది.

గుణుపురం:

అయితే ఆరింది బాబూ. వెనకవైపు, గాడుల లోపల కూడా పాలిష్ పుయ్యి, వానాకాలం వస్తే చెమ్మ అక్కడినుంచే ఎక్కుతుంది.

రాయగడ:

చాలా సంతోషం తమ్ముడూ. రెండోది చేసేటప్పుడు 17.817తో లెక్క కట్టి, ప్రతి ఫ్రెట్‌నూ నట్ నుంచే కొలిచి గియ్యి, ముందు ఫ్రెట్ నుంచి కాదు. ఒక్కో గీతకూ పావు మి.మీ. పోయినా 20 గీతలకు అర సెంటీమీటరు తేలుతుంది. 34 అంగుళాలకు మొదటిది 48.47, 5వది 216.63, 7వది 287.22, 12వది 431.8. ఈ నాలుగూ ముందు గీసి పెట్టుకుంటే మిగతావి తప్పినప్పుడు వెంటనే కనిపిస్తాయి. శీతాకాలంలో గాలి పొడిబారితే మెడ కొంచెం వెనక్కి లేస్తుంది, అప్పుడు మొదటి ఫ్రెట్లలో తీగ గరగరమంటే కంగారు పడకు. క్రిస్మస్‌కి వారం ముందు ఒకసారి ఫీలర్ గేజ్ పెట్టి చూసి, సందు 0.2 కన్నా తగ్గితే ట్రస్ రాడ్ ఎడమకు పావు చుట్టు వదులు చెయ్.