ఆనప పువ్వు సాయంత్రమే ఎందుకు విచ్చుకుంటుంది? వేసవి పెరటి నుంచి, వంటింటి నుంచి రెండు ప్రశ్నలు

ప్రశ్న: పుట్టింటి పెరడు

అందరికీ నమస్కారం. ఈ వేసవి సెలవులకు తొమ్మిదేళ్ల మా అమ్మాయిని వెంటబెట్టుకొని తెనాలి దగ్గరి పల్లెలో ఉన్న మా పుట్టింటికి వచ్చాను. మా అమ్మకు మోకాళ్ల నొప్పులు ఎక్కువై, పెరటి పనీ వంట పనీ ఒక్కతే చేసుకోలేకపోతున్నందువల్ల, రోహిణి కార్తె వెళ్లి మృగశిర వచ్చేదాకా ఇక్కడే ఉండాలని నిశ్చయించుకున్నాను. పెరడు పెద్దదేమీ కాదు, ఆరు సెంట్లుంటుంది. ఒక మామిడి, ఒక కరివేప, బావి పక్కన అరటి పిలకలు, గోడ వెంట రెండు మల్లె పొదలు, పందిరి మీద ఆనప పాదు, పాత దడి మీద గుమ్మడి పాదు ఉన్నాయి. పెళ్లయ్యేదాకా ఈ పెరట్లోనే పెరిగిన నేను వీటిలో ఒక్కదాన్నీ నిలబడి చూడలేదన్న సంగతి ఇప్పుడు తెలుస్తున్నది.

మొదటి నాలుగు రోజులూ మా అమ్మాయి ఎండకు భయపడి గడప దాటలేదు. ఐదో రోజు సాయంత్రం అమ్మమ్మతో కలిసి మల్లెమొగ్గలు కోసింది. వాటిని అరటినారతో మాల కట్టి దాని జడలో పెడితే, దీపాలు పెట్టే వేళకు ఆ మొగ్గలన్నీ జడలోనే విచ్చుకున్నాయి. చెట్టు నుంచి తెంపిన తరువాత కూడా పువ్వు తన వేళను మరచిపోలేదన్న మాట దానికి ఎంత నచ్చిందంటే, ఆ రాత్రి మాల తీయకుండానే నిద్రపోయింది. మరునాటి నుంచి ప్రశ్నలు మొదలయ్యాయి. వాటిలో రెండింటికి నా దగ్గర గానీ మా అమ్మ దగ్గర గానీ సరైన జవాబు లేదు.

మొదటిది ఇది. గుమ్మడి పూలు తెల్లవారేసరికే విచ్చుకొని ఎండెక్కేసరికి ముడుచుకుంటున్నాయి. ఆనప పూలు మాత్రం పొద్దు వాలిన తరువాతే విచ్చుకుంటున్నాయి. పక్కపక్కనే ఉన్న రెండు పాదులకు రెండు వేళలు ఎందుకని మా అమ్మాయి అడుగుతున్నది. దీనితో ముడిపడిన బాధ ఇంకొకటి ఉంది. ఆనప పాదు నిండా పూలున్నా, వచ్చిన నాలుగు పిందెలూ బొటనవేలంతయి పసుపుపచ్చగా మారి రాలిపోయాయి. దిష్టి తగిలిందని మా అమ్మ పందిరికి పాత చెప్పు కట్టింది. ఈ పాదు తన చేతితో పెట్టినది కాబట్టి ఒక్క కాయైనా నిలిస్తే బాగుండునని ఆమె రోజూ పందిరి కింద నిలబడి చూస్తున్నది.

రెండవది వంటింటి ప్రశ్న. మొన్న పనసపొట్టు కూరలో ఆవ పెట్టాము. పోపులో వేసిన ఆవాలు కమ్మగా ఉండి, నూరి కలిపిన ఆవ మాత్రం ముక్కు నషాళానికి అంటడం ఎందుకు? రెండూ ఒకే పోపుడబ్బాలోని ఆవాలే కదా అని అది నిలదీసింది.

తెలిసినవారు వివరంగా చెప్పవలసిందిగా కోరుతున్నాను. మీ పెరటిలోనో వంటింటిలోనో ఫలానా వేళకు తప్పక చూడవలసినది ఏదైనా ఉంటే అదీ చెప్పండి. సెలవులు ఇంకా నాలుగు వారాలున్నాయి.

జవాబు 1: పందిరి నీడ

నమస్కారమండీ. నేను కోనసీమలో ముప్పై ఏళ్లు వృక్షశాస్త్రం చెప్పి విశ్రాంతి తీసుకున్నాను. మీ అమ్మాయి అడిగిన ప్రశ్నలోనే మీ అమ్మగారి బాధకు జవాబు ఉంది.

పువ్వు ఏ వేళకు విచ్చుకుంటుందన్నది అది ఎవరికోసం ఎదురుచూస్తున్నదో దాన్నిబట్టి ఉంటుంది. గుమ్మడి పువ్వు పచ్చగా మెరుస్తూ తెల్లవారుజామున విచ్చుకొనేది తేనెటీగల కోసం. ఆనప పువ్వు తెల్లనిది. మసక చీకటిలో తెలుపు కనిపించినంత బాగా మరే రంగూ కనిపించదు. దాని కోసం వచ్చేవి రాత్రిపూట తిరిగే రెక్కల పురుగులు. వాటిలో కొన్ని పువ్వు మీద వాలకుండా గాలిలోనే నిలిచి, పొడవాటి తొండంతో తేనె తాగుతాయి. బీర పువ్వు పచ్చనిదే అయినా అదీ సాయంత్రమే విచ్చుకుంటుంది. నేతిబీర మాత్రం పొద్దున్నే విచ్చుకుంటుంది. ఇంత దగ్గరి బంధువులు రెండు వేళలు పంచుకోవడం నాకు ఇన్నేళ్ల తరువాత కూడా కొత్తగానే ఉంటుంది.

ఇక పిందెల సంగతి. ఆనప పాదుకు మగపూలు వేరు, ఆడపూలు వేరు. మగపువ్వు పొడవైన సన్నని కాడ మీద నిలబడి ఉంటుంది. ఆడపువ్వుకు అడుగున నూగుతో కూడిన చిన్న పిందె పుట్టుకతోనే ఉంటుంది. అందుకే పిందె వచ్చింది, రాలిపోయింది అని మనం అనుకుంటాము గానీ, నిజానికి అది ఇంకా కాయ కావడం మొదలుపెట్టనే లేదు. మగపువ్వులోని పుప్పొడి ఆ రాత్రి ఆడపువ్వును చేరితేనే పిందె ఊరుతుంది. చేరకపోతే రెండు మూడు రోజుల్లో పసుపుబారి రాలిపోతుంది. ముదురు వేసవిలో ఎండ వల్ల, పొడవైన పగళ్ల వల్ల మగపూలు ఎక్కువగా, ఆడపూలు తక్కువగా వస్తాయి. వడగాలికి పుప్పొడి సత్తువ కూడా తగ్గుతుంది. పందిరి దగ్గర రాత్రంతా లైటు వెలుగుతూ ఉంటే రెక్కల పురుగులు పూలను వదిలి దీపం చుట్టూ తిరుగుతాయి కాబట్టి, ఉంటే ఆర్పివేయండి. సాయంత్రం వేళ పాదు మీద పురుగుమందు చల్లకండి.

పుప్పొడిని ఆడపువ్వుకు చేర్చే పని మీ అమ్మాయి స్వయంగా చేయగలదు. సాయంత్రం ఆరున్నర, ఏడు గంటల మధ్య అప్పుడే విచ్చుకున్న మగపువ్వును ఒకదాన్ని కాడతో సహా కోసి, దాని రేకులు వలిచేయాలి. నడుమ మిగిలిన పుప్పొడి గుత్తిని, విచ్చుకున్న ఆడపువ్వు నడిమిభాగంలో కనిపించే మూడు తమ్మెల మీద మెల్లగా అద్దాలి. ఒక మగపువ్వు రెండు మూడు ఆడపూలకు సరిపోతుంది. అద్దిన ప్రతి పువ్వు కాడకూ ఒక రంగు దారం వదులుగా కట్టించండి. ఏది నిలిచిందో తనే లెక్క చూసుకుంటుంది. పందిరెక్కిన తీగ కొసను గిల్లితే పక్క కొమ్మలు వస్తాయి. ఆడపూలు ఎక్కువగా ఆ పక్క కొమ్మల మీదే పూస్తాయి. పాదు మొదలు చుట్టూ మామిడి ఆకులు పరచి, నీళ్లు పొద్దున్నే పోయండి.

జవాబు 2: జాడీ

ఆవాల ప్రశ్నకు నేను చెబుతాను. మాది విజయవాడ, ఏటా ఎండాకాలం మా ఇంట్లో మూడు జాడీల ఆవకాయ పడుతుంది.

ఆవగింజలో ఘాటు ముందుగా తయారై ఉండదు. ఘాటు పుట్టించే రెండు పదార్థాలు గింజలోపల వేర్వేరు అరల్లో ఉంటాయి. గింజ నలిగి, దానికి తడి తగిలినప్పుడు మాత్రమే అవి కలిసి ఘాటు పుడుతుంది. ఆ రెండింటిలో ఒకటి వేడికి ఓర్వలేదు. పోపులో గింజను నలపకుండా కాగిన నూనెలో వేస్తాము కాబట్టి, లోపలి తేమ ఆవిరై గింజ చిటపటలాడుతుంది గానీ ఘాటు పుట్టే అవకాశమే ఉండదు. వేగిన కమ్మదనం ఒక్కటే మిగులుతుంది. ఆవ పెట్టేటప్పుడు పచ్చి ఆవాలను నీళ్లతో నూరుతాము. అందుకే పెద్దవాళ్లు కూరను పొయ్యి మీద నుంచి దించి, కాస్త చల్లారనిచ్చిన తరువాతే ఆవ కలపమని చెప్పేవారు. పొయ్యి మీదే కలిపితే చేదు తప్ప ఘాటు మిగలదు.

మీ అమ్మాయిని ఒక చిటికెడు పొడి ఆవపిండి నాలుక మీద వేసుకోమనండి. మొదట చేదుగా ఉంటుంది. నోటి తడి తగిలిన కొన్ని క్షణాలకు ఘాటు మొదలవుతుంది. అది పుట్టడం తన నోట్లోనే తెలుస్తుంది.

ఆవకాయలో జరిగేదీ ఇదే. కాకపోతే మూడు రోజులు పడుతుంది. కాయలను కడిగి, తడి లేకుండా తుడిచి, టెంకతో సహా ముక్కలు కొట్టి, ఆవపిండి, కారం, ఉప్పు, నువ్వుల నూనె కలిపిన రోజున ఆవఘాటు అంతగా ఉండదు. నూనెలో అది పుట్టదు. ఉప్పు ముక్కలోని నీటిని లాగి ఊట దిగిన కొద్దీ పిండి తడిసి ఘాటెక్కుతుంది. మూడో నాడు జాడీ మూత తీసి తిరగ కలిపేటప్పుడు వచ్చే ఆ మొదటి వాసన కోసం నేను ఏడాదంతా ఎదురుచూస్తాను. పచ్చడి కలిపిన బేసినులో వేడి అన్నం, నెయ్యి వేసి, అంటిన పిండినంతా తుడిచి పిల్లలకు ముద్దలు పెట్టడం మా అత్తగారి నుంచి నాకు వచ్చిన అలవాటు. ఈసారి మీరు ఆవకాయ పెడుతుంటే మీ అమ్మాయిని రోజుకొకసారి జాడీ దగ్గరకు పిలవండి. మొదటి రోజు వాసనకూ మూడో రోజు వాసనకూ ఎంత తేడా ఉందో తనే చెబుతుంది.

జవాబు 3: చింతల తోపు

మాది నల్లగొండ జిల్లా. మీరు ఆనప అన్నదాన్ని మేము సొరకాయ అంటాము. చూడవలసిన వేళలు చెప్పమన్నారు కాబట్టి మా ఇంటి సంగతులు రెండు రాస్తున్నాను.

చింతచెట్టును సాయంత్రం చూపించండి. పగలు విప్పారి ఉన్న చిట్టి ఆకులు, చీకటి పడుతుండగా ఒకదానికొకటి ఆనుకొని ముడుచుకుంటాయి. పొద్దున్నే మళ్లీ విచ్చుకుంటాయి. ఎండాకాలం చిగురు కోసేది కూడా ఆ చెట్టు నుంచే. చిగురును అరచేతుల మధ్య నలిపి, పుల్లలు ఏరేసి పప్పులో వేస్తే చింతపండు అవసరం ఉండదు. ఒక్క జాగ్రత్త తీసుకోవాలి. కందిపప్పు మెత్తగా ఉడికిన తరువాతే చిగురు వేయాలి. పులుపు ముందే తగిలితే పప్పు ఎంతసేపటికీ పలుకుగానే ఉంటుంది. కొత్తగా కాపురానికి వచ్చిన ఏడు, నేను రెండూ కలిపి పొయ్యి మీద పెట్టి గంటన్నర కూర్చున్నాను. మా అత్తమ్మ ఏమీ అనలేదు. మరునాడు పక్కన కూర్చొని వరుస చూపించింది.

రెండవది రంజన్, అంటే మంచినీళ్లు చల్లబడేందుకు పోసి ఉంచే మట్టి కుండ. మట్టి పాత్ర సన్నని రంధ్రాల గుండా నీరు ఊరి, బయట ఆరిపోతూ లోపలి నీటి వేడిని తీసుకుపోతుంది. మా వైపు గాలి పొడిగా ఉంటుంది కాబట్టి, బయట ఎంత వేడిగాలి వీస్తే రంజన్‌లో నీళ్లు అంత చల్లబడతాయి. మీ తెనాలి వైపు గాలిలో తేమ ఎక్కువ కనుక అంత చల్లదనం రాకపోవచ్చు. తడి ఇసుక మీద, నీడలో, గాలి ఆడే చోట పెట్టి చూడండి. మిట్టమధ్యాహ్నం పిల్ల చేయి కుండ బయటివైపు ఆనించి, తరువాత పక్కనున్న స్టీలు బిందెకు ఆనించమనండి.

జవాబు 4: పుట్టింటి పెరడు

అందరికీ కృతజ్ఞతలు. మీరు రాసిన మూడు వారాలకు మళ్లీ రాస్తున్నాను.

పందిరికి ఎదురుగా గోడకున్న లైటును మేము నిజంగానే రాత్రంతా వెలిగించి ఉంచేవాళ్లము. దాన్ని ఆర్పివేశాము. మా అమ్మాయి స్టూలెక్కి మూడు ఆడపూలకు పుప్పొడి అద్ది, వాటికి ఎరుపు, నీలం, పసుపు దారాలు కట్టింది. మా అమ్మ కింద కుర్చీలో కూర్చొని టార్చిలైటు పట్టుకుంది. పసుపు దారం పిందె మూడో రోజుకు రాలిపోయింది. తను ఏం తప్పు చేసిందోనని పిల్ల ఆ పూటంతా బాధపడింది. ఎరుపు, నీలం నిలిచాయి. ఒకసారి మొదలుపెట్టిన తరువాత ఆ పిందెలు పెరిగిన వేగం నేను ఊహించలేదు. పొద్దున బడిస్కేలుతో కొలిచి నోటుపుస్తకంలో రాసుకున్నది సాయంత్రానికి పాతబడిపోయేది. మధ్యలో ఒకనాటి రాత్రి ఎనిమిది గంటలకు, మీరు చెప్పిన రెక్కల పురుగు ఒకటి పువ్వు ముందు గాలిలో నిలిచి ఉండగా ముగ్గురమూ చూశాము. పందిరి కింద ఎవరమూ కదలలేదు.

పద్నాలుగో రోజున నీలం దారం కాయను కోశాము. తొక్క మీద గోరు సులువుగా దిగింది. ఎండకు పెరిగిన ఆనపకాయ ఒక్కొక్కప్పుడు చేదెక్కుతుందనీ, చేదుగా ఉన్నది కడుపుకు మంచిది కాదనీ మా అమ్మ ముందుగా ఒక పచ్చిముక్క కొరికి చూసింది. చేదు లేదు. సగం పాలు పోసి కూర చేశాము, సగం పులుసులో వేశాము. తొక్కను నువ్వులతో, పచ్చిమిరపకాయలతో వేయించి రోట్లో పచ్చడి నూరాము. పోపు వేసేటప్పుడు ఆవాలు చిటపటలాడుతుంటే ఇప్పుడు వీటికి కోపం రాదని మా అమ్మాయి అమ్మమ్మకు వివరించింది. ఆవపిండి నాలుక మీద వేసుకున్న రోజు నుంచి దాన్ని కోపమనే పిలుస్తున్నది.

చింతచెట్టు మా ఇంట్లో లేదు కానీ చెరువు గట్టున ఉంది. నాలుగు సాయంత్రాలు వెళ్లి చూసి వచ్చాము. కుండ విషయంలో మీరన్నది నిజమే. మా ఊరి గాలికి అది ఒక మోస్తరుగానే చల్లబడుతున్నది.

ఎరుపు దారం కాయను కోయలేదు. విత్తనానికి వదిలేయమని మా అమ్మ చెప్పింది. అది పందిరి మీదే ముదిరి, తొక్క గట్టిపడి, లోపల గింజలు గలగలలాడేదాకా ఉంచాలట. అప్పటికి మేము హైదరాబాదులో ఉంటాము కాబట్టి, దసరాకు వచ్చినప్పుడు తన చేతులతోనే పగలగొట్టాలనీ, అంతవరకు దారం ఊడిపోకుండా చూసే బాధ్యత అమ్మమ్మదేననీ మా అమ్మాయి మాట తీసుకుంది. నిన్న సాయంత్రం చూస్తే, మా అమ్మ ఆ ఎర్రదారం పక్కన దాని జడ రిబ్బను ముక్క కూడా ఒకటి కట్టి ఉంచింది.