కెమెరా ముందు క్యావిటీ: క్లినికల్ పరీక్షను ఆన్‌లైన్‌లో పెట్టవచ్చా?

సీతమ్మధార ట్యూటర్:
మేము పనిచేసే దంత వైద్య కళాశాలలో ఇంటర్నల్ పరీక్షల గురించి ఒక ప్రతిపాదన వచ్చింది. విద్యార్థి ఫాంటమ్ హెడ్‌కు (సాధనకు వాడే బొమ్మ తలకు) బిగించిన టైపోడాంట్ (ప్లాస్టిక్ పళ్ల నమూనా) పంటిపై క్లాస్ టూ క్యావిటీ (వెనక పంటికి పక్క పన్ను ఆనే వైపు, నింపడానికి తొలిచే గుంట) చేస్తూ ఆపకుండా వీడియో తీసి, చివరన మూడు కోణాల్లో ఫోటోలు చేర్చి అప్‌లోడ్ చేయాలి. అధ్యాపకులు తామున్న చోటి నుంచే చెక్‌లిస్టు ప్రకారం మార్కులు వేస్తారు, వైవా వీడియో కాల్‌లో జరుగుతుంది. తరువాత పన్ను తీసే పనికీ ఇదే పద్ధతి వర్తింపజేస్తారట. విశాఖలో చదివినవారు, చదువు చెప్పినవారు ఏమంటారు?

పాతకుర్చీ:
కన్సర్వేటివ్ (పుచ్చిన పళ్లు నింపి కాపాడే) విభాగంలో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పి విరమించినవాణ్ణి. క్యావిటీకి కంటితో చూసి మార్కులు వేయరు, తడిమి వేస్తారు. అమాల్గం (గుంటలో నింపే లోహ మిశ్రమం) నిలవాలంటే పల్పల్ ఫ్లోర్ (గుంట అడుగు) 1.5 నుంచి 2 మి.మీ. లోతుండాలి. పైనుంచి తీసిన ఫోటోలో 1 మి.మీ. లోతు కూడా 2 మి.మీ. లాగే కనిపిస్తుంది, దానిపై ట్యూబులైటు వెలుగు పడితే ప్లాస్టిక్ పన్ను మెరిసిపోయి అంచులే తెలియవు. ఎక్స్‌ప్లోరర్ (పంటిని తడిమి చూసే సూది పరికరం) మొనను జింజైవల్ సీటు (గుంటలో చిగురు వైపు మెట్టు) మీద ఈ చివరి నుంచి ఆ చివరికి మెల్లగా లాగినప్పుడు, బర్ (పన్ను తొలిచే మొన) తడబడిన చోట మొన సన్నగా గీరుకుంటుంది. ఆ గీరుడు వేలికి అందుతుంది గాని ఏ ఫోనుకూ అందదు.

ఎంవీపీ ఎండో:
గురువుగారూ, ఆ గీరుడు ఇద్దరు పరీక్షకుల వేళ్లకు ఒకేలా అందుతుందా? 1975లో స్కాట్లండ్‌లోని డండీలో వైద్య విద్యావేత్త హార్డెన్ ఓస్కీ (OSCE, స్టేషన్ల వారీగా జరిగే క్లినికల్ పరీక్ష) పద్ధతిని ముందుకు తెచ్చింది ఈ చిక్కు వల్లనే కదా. ఒకరికి సులువైన రోగి, మరొకరికి మొండి రోగి, ఒకరికి శాంతమైన పరీక్షకుడు, మరొకరికి చిరాకు పరీక్షకుడు తగలకుండా, అందరికీ అవే స్టేషన్లు, అదే సమయం, అదే చెక్‌లిస్టు పెట్టారు. లోతు విషయానికి వస్తే, పీరియోడాంటల్ ప్రోబ్‌ను (మి.మీ. గీతలున్న సన్నని కొలత పుల్లను) క్యావిటీలో నిలబెట్టి ఫోటో తీయమంటే గీతలు లెక్కపెట్టుకోవచ్చు. ఇంట్రా ఓరల్ స్కానర్ (పళ్ల ఆకారాన్ని త్రీడీలో నమోదు చేసే పరికరం) ఉంటే ఇంకా కచ్చితంగా తేలుతుంది.

గాజువాక క్లినిక్:
స్కానర్ నా క్లినిక్‌కే ఇంతవరకు కొనలేకపోయాను మేడమ్. కళాశాల కొని రెండో సంవత్సరం పిల్లల చేతికి ఇస్తుందా?

పాతకుర్చీ:
ప్రోబ్ ఎక్కడ నిలబెట్టాలో నిర్ణయించేది విద్యార్థే కాబట్టి, లోతు సరిపోయిన చోటే నిలబెడతాడు. ఓస్కీలో పరీక్షకుడు స్టేషన్ పక్కనే కూర్చుని ఉంటాడన్న సంగతిని మీరు దాటవేశారు.

ఇక పన్ను తీసే పరీక్ష. నేను రోగి నోటికేసి ఎక్కువగా చూసేవాణ్ణి కాదు, కాళ్లకేసి చూసేవాణ్ణి. మత్తు సరిగా ఎక్కకపోతే ఎలివేటర్ (పన్నును కదిలించే పరికరం) పెట్టగానే బొటనవేళ్లు ముడుచుకుంటాయి, కుర్చీ చేతిని పట్టుకున్న పిడికిలి తెల్లబడుతుంది. విద్యార్థి అది గమనించి ఆగాడా, లేదా అన్నదే నా పరీక్ష. మీ కెమెరా నోటి మీద ఉంటుంది.

ఎంవీపీ ఎండో:
రెండో కెమెరా పెడితే సరిపోతుంది.

పాతకుర్చీ:
ఎన్ని కెమెరాలు పెట్టినా నొప్పికి ఎక్కడ చూడాలో తెలిసినవాడు అక్కడ ఉండాలి.

మధురవాడ తండ్రి:
మా అమ్మాయి రెండో సంవత్సరం చదువుతోంది. ఇంటర్నల్ అంటే 10 మార్కులే అంటున్నారు. దానికోసం ఇంత వాదన అవసరమా?

సీతమ్మధార ట్యూటర్:
నిజమే సార్, క్లినికల్ సబ్జెక్టులో ప్రాక్టికల్‌కు ఉన్న 100 మార్కుల్లో 90 యూనివర్సిటీ పరీక్షవి, 10 ఇంటర్నల్‌వి. అయితే ఉత్తీర్ణతకు థియరీలో, ప్రాక్టికల్‌లో విడివిడిగా 50 శాతం రావాలి. సరిహద్దులో ఉన్నవారికి ఆ పదే దిక్కు.

ఎంవీపీ ఎండో:
ఆ సరిహద్దులో నిలబడినదాన్ని నేనే. ఫైనల్ ఇయర్‌లో నేను చేసిన కంప్లీట్ డెంచర్‌ను (పూర్తి పళ్ల సెట్టును) బయటినుంచి వచ్చిన పరీక్షకుడు రోగి నోట్లో పెట్టి చూడనే లేదు. చేతిలోకి తీసుకుని, ఒకసారి తిప్పి, ట్రేలో పడేశారు. ఆయనకూ మా విభాగాధిపతికీ అప్పటికే పడదన్న సంగతి వరండాలో ఊడ్చే ఆయాకు కూడా తెలుసు. నాలుగు మార్కులు తగ్గాయి, ఆరు నెలలు పోయాయి. ఆ రోజు అక్కడ ఒక్క కెమెరా ఉండి ఉంటే ఆయన ఆ పళ్ల సెట్టును రోగి నోట్లో పెట్టి ఉండేవారు. స్పర్శ, వేళ్లు, గీరుడు అంటూ మీరు చెప్పేవన్నీ వినడానికి బాగానే ఉన్నాయి గాని, ఆ వేళ్లు తాకకుండానే మార్కులు వేసినప్పుడు అడిగే హక్కు నాకు ఎక్కడుంది?

పాతకుర్చీ:
అలాగైతే మొదటి నుంచీ మీరు అడుగుతున్నది ఆన్‌లైన్ పరీక్ష కాదు, పరీక్షకుడి మీద నిఘా.

ఎంవీపీ ఎండో:
అవును. ఆ మాట అనడానికి ఇప్పుడు నాకు మొహమాటమేమీ లేదు.

పాతకుర్చీ:
మీకు జరిగింది అన్యాయం, అందులో నాకు వాదన లేదు. అయినా కెమెరా ముందు కూర్చున్న పరీక్షకుడు ఎవరినీ పరీక్షలో తప్పించడు, అంటే ఫెయిల్ చేయడు, ఫిర్యాదు ఎందుకు తెచ్చుకోవాలని అందరికీ సగానికి పైన వేసి పంపేస్తాడు. నేను తప్పించినవారిలో కొందరు ఇప్పటికీ నాతో మాట్లాడరు. వాళ్లను అప్పుడు తప్పించకపోతే ఎవరి పల్ప్‌లోకి (పంటి లోపలి నరాల గుజ్జులోకి) బర్ దింపి ఉండేవారో ఎవరికి తెలుసు? ఆ నిర్ణయం ఒక మనిషి చేతిలోనే ఉండాలి.

ఎంవీపీ ఎండో:
ఒక్క మనిషి చేతిలో ఉండడమే నా బాధ.

గాజువాక క్లినిక్:
కెమెరా లేని పరీక్షల్లో మాత్రం ఎవరు తప్పుతున్నారు సార్? నిరుడు పనిలో పెట్టుకున్న కొత్త డాక్టరుగారికి అద్దంలో చూస్తూ పై పన్ను తొలవడం రాలేదు. కుర్చీ పక్కన వంగి, మెడ తిప్పి చేసేవారు. మార్కుల జాబితాలో మాత్రం లోటేమీ లేదు.

పాడేరు అమ్మాయి:
నేను కరోనా మూసివేత కాలంలో చదివాను. అప్పుడు మాకు నిజంగానే ఆన్‌లైన్‌లో ప్రాక్టికల్ ఇంటర్నల్ పెట్టారు. మైనపు దిమ్మను పన్ను ఆకారంలో చెక్కుతూ వీడియో తీయమన్నారు. మా ఇంట్లో సిగ్నల్ ఉండదు కాబట్టి తమ్ముడితో గుట్ట మీదికి వెళ్లి, ఫోనును స్టీలు గ్లాసుకు ఆనించి, ఎండకు మైనం మెత్తబడుతుంటే తమ్ముడు గొడుగు పట్టగా చెక్కాను. వీడియోను యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్‌గా పెట్టి లింకు పంపాను. మార్కులు వచ్చిన రోజు ఆ వీడియో తెరిస్తే వీక్షణల సంఖ్య ఒకటి ఉంది. అది మా తమ్ముడిది.

పాతకుర్చీ:
మార్కులు ఎన్ని వేశారమ్మా?

పాడేరు అమ్మాయి:
పదికి ఎనిమిది, సార్.