జావా 17కు మారాక ప్లగిన్లు కనబడడం లేదు: క్లాస్‌లోడర్ విషయంలో సలహా కావాలి

నమస్కారం. నేను హైదరాబాద్ మాదాపూర్‌లోని ఒక చిన్న సంస్థలో పనిచేస్తున్నాను. మేము రాసుకున్న లైబ్రరీ, జావా వెబ్ అప్లికేషన్లను నడిపే సర్వర్ అయిన టామ్‌క్యాట్‌లో జావా 8పై ఏళ్ల తరబడి సాఫీగానే నడిచింది గానీ, జావా 17కు మారిన తరువాత, కంప్లీటబుల్‌ఫ్యూచర్ (పనిని వేరే థ్రెడ్‌లో నడిపే జావా సదుపాయం) లోపల సర్వీస్‌లోడర్‌ను (ప్లగిన్లను వెతికి తెచ్చే జావా సదుపాయం) పిలిచినప్పుడు మాత్రం ఒక్క ప్లగిన్ కూడా దొరకడం లేదు. అదే కోడ్ రిక్వెస్ట్ థ్రెడ్‌లో నడిస్తే అన్నీ దొరుకుతున్నాయి. ఎర్రర్ ఏదీ రాకుండా ఖాళీ జాబితా రావడంతో కారణం తెలియడానికే రెండు రోజులు పట్టింది. జావా 9 నుంచి కామన్ పూల్ థ్రెడ్లకు (కంప్లీటబుల్‌ఫ్యూచర్ మామూలుగా వాడుకునే ఉమ్మడి థ్రెడ్లు) సిస్టమ్ క్లాస్‌లోడరే కాంటెక్స్ట్ క్లాస్‌లోడర్‌గా (అంటే ఆ థ్రెడ్ క్లాసులను వెతకడానికి వాడేదిగా) ఉంటుందని, వెబ్ అప్లికేషన్‌లోని జార్ ఫైళ్లు దానికి కనబడవని అర్థమైంది.

లైబ్రరీ సొంత క్లాస్‌లోడర్‌ను సర్వీస్‌లోడర్‌కు నేరుగా ఇవ్వడం నాకు సబబుగా తోస్తున్నది. అయితే, లైబ్రరీని టామ్‌క్యాట్ ఉమ్మడి ఫోల్డర్‌లో ఉంచేవారికి అది పనికిరాదు, ఎందుకంటే అక్కడి క్లాస్‌లోడర్‌కూ వెబ్ అప్లికేషన్‌లోని ప్లగిన్లు కనబడవు. రెండు సందర్భాలకూ సరిపోయే పద్ధతిని ఎవరైనా సూచించగలరా?